లోపల పాట లేని మనిషి

ముప్ఫై ఏళ్ళు సంగీతం టీచరుగా పనిచేశాను. కొత్తగా బడుల్లో టీచర్లుగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి అని అడుగుతారు. వాళ్ళు వినాలనుకునేది సన్మానాల గురించి, పైకొచ్చిన శిష్యురాళ్ళ గురించి. అలాంటివి నా దగ్గర పెద్దగా లేవు. చెప్పవలసిన సంగతి ఒకటుంది. అందులో తప్పు నాది. ఇంత వయసు వచ్చినా దాన్ని తలుచుకుంటే వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుంటుంది.

అప్పుడు కర్నూలు రాజధాని. ఊళ్ళో ఇళ్ళు చాలక ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులు. మాది కర్నూలే అయినా ఉద్యోగం మాత్రం కడప వైపు, ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో వచ్చింది. పల్లె బడుల్లో పాఠాలు చెప్పబోయే ఆడవాళ్ళకు అక్కడ రెండేళ్ళ శిక్షణ. లెక్కలు, కుట్టుపని, తోటపని, సంగీతం. తోటపనికి నీళ్ళుండేవి కావు, అందుకని ఆ గంట కూడా నాకే ఇచ్చేవాళ్ళు. సంగీతంలో తప్పితే సర్టిఫికెట్టు రాదు. అంత అధికారం చేతికొచ్చే నాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి.

మా గురువుగారు నాకు నేర్పిన మొదటి పాఠం, పాటను ముందు మనసులో వినమని. వినపడ్డాకే నోరు తెరవాలి. నేనూ అదే నేర్పేదాన్ని. అందుకోసం ఒక అలవాటు చేయించేదాన్ని. అందరూ పాడుతూ ఉండగా నేను చెయ్యెత్తుతాను. అందరూ నోరు మూసుకుని వేళ్ళ మీద తాళం వేస్తూ పాటను లోపల సాగించాలి. చెయ్యి దించగానే పాట ఎంతదాకా వచ్చిందో అక్కడినుంచి పైకి అందుకోవాలి. శ్రుతిపెట్టె కూడా ఆపేసేదాన్ని. మామూలుగా చెయ్యి దించేసరికి ముప్ఫై మంది ముప్ఫై దారుల్లో వచ్చేవాళ్ళు.

ఒకామె మాత్రం తప్పేది కాదు. చెయ్యి ఎంతసేపు ఎత్తి ఉంచినా, అదే మాట దగ్గర, అదే స్థాయిలో, గీత గీసినట్టు వచ్చి కలిసేది. బద్వేలు దగ్గరి పల్లె ఆమెది. క్రైస్తవ కుటుంబం. నాకంటే రెండేళ్ళు పెద్దది, పెళ్ళి కాలేదు. వాళ్ళ ఊరి చర్చి బడిలో అప్పటికే ఆరేళ్ళుగా చదువు చెబుతోంది. ఇకమీదట సర్టిఫికెట్టు లేనివాళ్ళను ఉంచబోమంటే శిక్షణకు వచ్చింది. ఇంట్లో చూపులేని ముసలి అవ్వ తప్ప ఇంకెవరూ లేరు. ఆమె పరీక్ష తప్పితే ఆ బడీ పోతుంది, ఇంట్లో పూట కూడూ పోతుంది.

పాటలో ఇంత గట్టి మనిషి కాగితం మీద సున్నా. నేను నాలుగు స్వరాలు రాగం తీసి, అవేమిటో రాయమంటే కలం పట్టుకుని కూర్చునేది. పెదవులు కదిలించనిస్తే రాసేది, కదిలించకూడదంటే రాసేది కాదు. ఇందులో ఏదో మోసం ఉందని నాకు తోచింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ సంగీతం గదిలోకి పిలిచాను. పళ్ళ మధ్య పెన్సిలు అడ్డంగా పెట్టుకోమన్నాను. నా రెండు వేళ్ళు ఆమె గొంతు మీద నొక్కిపెట్టాను. అలా చేశానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగు స్వరాలు పాడి, కాసేపాగి, పెన్సిలు తీసి పాడమన్నాను.

ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోయినాది టీచరమ్మా."

"పోవడమేమిటి? ఇప్పుడే కదా పాడాను. లోపల వినపడటం లేదూ?"

"లోపలంటే యాడ? చెవిలోనా, తలకాయలోనా?"

"తలలోనే. నేను చెయ్యెత్తితే పాట ఆగిపోదు కదా. లోపల నడుస్తూనే ఉంటుంది కదా."

"ఎవురు పాడతారు లోపల?"

నాకు కోపం వచ్చింది. వేళాకోళం అనుకున్నాను. కానీ ఆ మొహంలో వేళాకోళం లేదు.

"నాకేమీ ఇనపడదు టీచరమ్మా. నీళ్ళు లేని బాయి మాదిరి ఉంటాది. గొంతు కదులుతాంటాది, అంతే. మీరు చెయ్యి దించితే, అది యాడికి పోయుంటే ఆడినుంచి పాడతా." కాసేపు నా వంక అదోలా చూసింది. "మీకు ఇనపడతాదా? ఎవురూ పాడకున్నా?"

"నాకే కాదు, అందరికీ వినపడుతుంది."

"మాటలు గూడానా?"

"మాటలూ వినపడతాయి."

"సచ్చిపోయినోళ్ళవి గూడానా?"

మా అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. తలుచుకుంటే ఆమె నన్ను పిలవడం ఇప్పటికీ స్పష్టంగా వినపడుతుందని చెప్పాను. ఆ మాట విని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం నాకు కనిపించింది.

"ఆయమ్మ పిలిస్తే మీరు పలకతారా?"

నేను నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అంతవరకూ నాలో మామూలుగా ఉన్న ఒక సంగతిని ఎవరో బయటికి తీసి ఎండలో పెట్టినట్టయింది. ఆ సాయంత్రం అమ్మ గొంతు గుర్తుకొచ్చినప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ వింతను కడుపులో దాచుకోలేక మర్నాడు కుట్టు టీచరుకు చెప్పాను. ఆమె మంచి మనిషే. కుట్లు ఎంత దగ్గరగా వేసేదో మాటలు అంత వదులుగా వదిలేది. "ఆమె తల లోపల ఏ శబ్దమూ ఉండదట, అంతా ఖాళీ అట" అని నేనన్నమాట వారం తిరిగేసరికి హాస్టల్లో, "ఆమె లోపల మనిషి లేదంట, ఆ నోట్లో ఇంకెవరో పాడతారంట" అయింది. పక్కన పడుకునేవాళ్ళు చాపలు దూరం జరుపుకున్నారు. ఆమె ముంచిన బిందెలో నీళ్ళు తాగడం మానేశారు. ఇదంతా నాకు తెలుసు. సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు మూడున్నర గంటల వేళ నేను స్కూలు నడిపే పెద్ద టీచరమ్మగారి గదిలో హాజరుపట్టీలు చూపిస్తున్నాను. వరండాకు అటు చివర మూసి ఉన్న సంగీతం గదిలోంచి పాట వినిపించింది. నేను ఆ వారం నేర్పిన పాటే. పాడుతున్నది నేను.

ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. అది నా గొంతు. పైస్థాయికి పోయే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చే అలవాటు నాకుండేది. అదీ ఉంది. చరణం మధ్యలో వచ్చే నా పొడిదగ్గు కూడా ఉంది. పెద్ద టీచరమ్మగారు కలం ఆపి ఒకసారి నన్నూ, ఒకసారి గోడనూ చూశారు. నేను వరండాలోకి పరుగెత్తాను. నీళ్ళబిందెలతో వస్తున్న నలుగురమ్మాయిలు ఎదురుపడ్డారు. గదిలో పాడుతున్న నేను ఇటునుంచి రావడం చూసి, ఒకమ్మాయి బిందె వదిలేసి అక్కడే పడిపోయింది. నీళ్ళు వరండా పొడుగునా పారాయి. పాట ఆగలేదు. మిగిలిన ముగ్గురూ కేకలు పెట్టాకే ఆగింది.

తలుపు తెరుచుకుని ఆమె బయటికి వచ్చింది. ఒంటరిగా ఉంది. అందరూ ఎందుకలా చూస్తున్నారో ఆమెకు అర్థం కాలేదు.

"సాధకం చేస్తాండా టీచరమ్మా" అంది నాతో. "ఏమైనాది?"

పెద్ద టీచరమ్మగారు భయపడే మనిషి కాదు, కానీ హాస్టలు ఖాళీ అయిపోతుందని భయపడ్డారు. ఆ పూటే కొందరమ్మాయిలు ట్రంకుపెట్టెలు సర్దుకున్నారు. ఆమెను గదిలో నిలబెట్టి, "ఒంట్లో బాగున్నట్టు లేదు, కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మీరేమంటారు? మీకు తెలిసి ఇందులో జబ్బు ఏమైనా ఉందా?" అని అడిగారు.

లేదని ఒక్కమాట చాలు. చూసింది నేను, విన్నది నేను, పుకారు పుట్టించింది నేను. కానీ నా గొంతు నా బయట వినపడిన ఆ అరనిమిషం ఇంకా నన్ను వదల్లేదు. "నేను చెప్పలేనండీ" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. పెట్టె తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

పరీక్షలు ఇరవై రోజుల్లోకి వచ్చాయి. ఆమె రాలేదు. నేను ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఆఖరికి ఒక ఆదివారం బద్వేలు బస్సెక్కాను. బద్వేలులో దిగి, అటు వెళ్తున్న బండిలో కొంత దూరం, తర్వాత కాలినడకన వెళ్ళాను. చేలల్లో ఏమీ లేదు, నెర్రెలు తప్ప. ఊరి చివర చర్చి, దాని వెనక వీళ్ళ పూరికొట్టం. నేను చేరేసరికి నడినెత్తిన ఎండ. కొట్టం ముందు నులకమంచం మీద అవ్వ కూర్చుని ఉంది. రెండు కళ్ళూ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఎవురది?"

"కడప నుంచి వచ్చానవ్వా. మీ మనవరాలి టీచర్ని."

"రాండమ్మా, కూకోండి. నీళ్ళకు పోయినాది, వచ్చేస్తాది." ఊళ్ళో సంగతి చెప్పినంత మామూలుగా అంది. "మంచి దినాన వచ్చినారు. ఈ పొద్దు ఆదివారం, నా కూతురు గూడా వస్తాది."

అవ్వకు వేరే ఊళ్ళో ఇంకో కూతురుందేమో అనుకున్నాను.

మనవరాలు కడవతో వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, చెంబుతో నీళ్ళిచ్చింది. మాట మొదలుపెట్టేలోపే అవ్వ తొందరపెట్టింది. "పొద్దు నెత్తిమీదికి వచ్చినాది గదా, ఇంక కానియ్యమ్మా."

ఆమె నా వంక ఒకసారి చూసి, కొట్టంలో నేలమీద విసురురాయి ముందు కూర్చుంది. జొన్నలు పోసి రాయి తిప్పుతూ పాట ఎత్తుకుంది. అది ఆమె గొంతు కాదు, నాదీ కాదు. బొంగురుగా, కాస్త అలసటగా, ప్రతి పంక్తి చివరా విరిగే గొంతు. నలభై ఏళ్ళ మనిషిది, రాయి బరువు తెలిసిన మనిషిది. మంచం మీద అవ్వ మొహం పూర్తిగా మారిపోయింది.

"వచ్చినావా మా" అంది. తర్వాత ఆ పాటతో మాట్లాడటం మొదలుపెట్టింది. మేక ఈనిందని చెప్పింది. మోకాళ్ళ నొప్పి తగ్గలేదని చెప్పింది. బిడ్డను బడి నుంచి పంపించేశారంట, నువ్వు దిగులుపడొద్దు అని చెప్పింది. అంత ఎండలో నా ఒళ్ళంతా చల్లబడింది.

పాట అయిపోయింది. రాయి ఆగింది. ఆ నిశ్శబ్దంలో అదే బొంగురు గొంతు, పాటగా కాకుండా మాటగా, "అమ్మా, ఇంత అంబలి తాగుదువు రా" అంది.

"తాగుతాలే మా" అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వకు అంబలి ఇచ్చి ఆమె బయటికొచ్చాక, చర్చి గోడ నీడలో కూర్చున్నాం. వాళ్ళమ్మ ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు పోయిందట. విసురుతూ ఆ పాటే పాడేదట.

"చివర్లో అన్న మాట కూడా మీ అమ్మదేనా?" అని అడిగాను.

"ఏం మాట?"

"పాట అయ్యాక. అంబలి తాగుదువు రా అని."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేనేం మాట్లాడలేదే టీచరమ్మా."

నేను మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తోచిందొక్కటే. వాళ్ళమ్మ పాట అవగానే తన తల్లిని అలా పిలిచేదేమో, గొంతుకు అదీ పాటలో భాగమేనేమో. ఇది సమాధానం అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎవురి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ గొంతుతోనే వస్తాది" అంది ఆమె. "నా గొంతు ఏదో నాకు తెల్దు. మా యమ్మ గొంతు ఎట్లుంటాదో ఇప్పుడు అడిగితే చెప్పలేను. పాడేటప్పుడే ఇంటా. ఆపితే పోతాది. వారం వారం వస్తాది, వారం వారం సచ్చిపోతాది."

అప్పుడు చెప్పాను, పుకారు పుట్టింది నా నోటినుంచేనని, పెద్ద టీచరమ్మ గదిలో నోరు తెరవనిదీ నేనేనని. ఆమె మట్టి మీద పుల్లతో గీతలు గీస్తూ విన్నది.

"మీ మీద కోపం లేదు టీచరమ్మా. కానీ నేను రాను. నాకు భయమైతాది."

"ఆ అమ్మాయిలకు నేను చెబుతాను. నీలో ఏ దయ్యమూ లేదని..."

"నాకు భయం వాళ్ళను చూసి." గొంతు తగ్గించింది. "ఒకే కొట్టంలో ముప్ఫై మంది. ఒక్కొక్కరి తలకాయలో సచ్చిపోయినోళ్ళు మాట్లాడతాంటారని మీరే గదా చెప్పింది. వాళ్ళ మధ్యన ఎట్ల పండుకునేది?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పరీక్ష అయ్యేదాకా నా గదిలో ఉండమన్నాను. నా తలలోనూ అలాంటివాళ్ళున్నారని గుర్తుచేశాను.

"మీ యమ్మ ఒక్కతే అయితే ఓర్చుకుంటాలే" అంది.

మర్నాడు పెద్ద టీచరమ్మగారి గదిలో నేను చెప్పవలసిన మాట, నెల ఆలస్యంగా, చెప్పాను. ఆవిడ నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టి, ఆమెను రానిచ్చారు.

పరీక్షకు బయటినుంచి ఒక విద్వాంసుడు వచ్చారు. భారీ మనిషి, ముక్కుపొడి డబ్బీ, ఎవరి మాటా పూర్తిగా విననంత చెముడు లాంటి గర్వం. ఆమె పాడితే తలూపారు. స్వరాలు రాయమన్నప్పుడు పెదవులు కదలడం చూసి, "కదలకూడదు" అన్నారు. ఆమె కలం ఆగిపోయింది. ఆయన మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు.

పరీక్షలో టీచరు మాట్లాడకూడదు. నేను లేచి నిలబడ్డాను. "ఆమెకు లోపల వినపడదండీ. గొంతే ఆమె చెవి. దాన్ని కట్టేస్తే చెవులు మూసి పరీక్ష పెట్టినట్టే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "లోపల వినపడకుండా సంగీతమా?" అన్నారు. రెండు నెలల క్రితం అలాంటి మాటే నేనూ అన్నాను కాబట్టి నాకు కోపం రాలేదు. పరీక్షించి చూడమన్నాను.

ఆయన శ్రుతిపెట్టెలో ఒక స్వరం వినిపించి ఆపేశారు. తర్వాత ఆమెను ఊరి సంగతులు అడిగారు, వానల సంగతి అడిగారు, ఎక్కాలు చెప్పించారు. మధ్యలో తానే వేరే శ్రుతిలో ఒక శ్లోకం చదివారు. పావుగంట గడిచాక, హఠాత్తుగా, "ఏదీ, ఆ స్వరం పట్టు" అన్నారు. ఆమె గుటక మింగి, గొంతు విప్పింది. ఆయన శ్రుతిపెట్టె తెరిచారు. రెండు శబ్దాలూ ఒకదానిలో ఒకటి కలిసి మాయమైపోయాయి. ఏది పెట్టె, ఏది మనిషో తెలియలేదు.

ఆయన పెట్టె మూసేశారు.

"ఎలా గుర్తుంచుకున్నావమ్మా?"

"గుర్తు లేదు సామీ" అంది ఆమె. "ఈడ ఉండాది" అని గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

ఆయన పొడి పీల్చడం మర్చిపోయి డబ్బీని చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. తర్వాత పెదవులు కదిలించుకోమన్నారు. ఆమె రాసింది, గట్టెక్కింది. వాళ్ళ ఊరి బడి ఆమెకే దక్కింది.

అవ్వ మరుసటేడు పోయింది. ఉత్తరం వచ్చింది కానీ నేను వెళ్ళలేకపోయాను. ఆ తర్వాత రెండేళ్ళకు పల్లె బడులు చూసి రమ్మని నన్ను బద్వేలు వైపు పంపారు. ఆమె బడి ఒకే గది, బయట వేపచెట్టు. పిల్లల చేత చక్కగా పాడిస్తోంది. మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు పోయాక తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మీతో ఒక పని ఉండాది టీచరమ్మా. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆమె గుర్తుపట్టేది. ఇప్పుడు నా పాట చెదిరిపోయిందో, సరిగా ఉండాదో నాకెట్ల తెలుస్తాది? మా యమ్మ గొంతు ఇన్నోళ్ళలో మిగిలింది మీరొక్కరే. కాస్త చూసి చెప్పండి."

నేలమీద కూర్చుని, రాయి లేకపోయినా చెయ్యి తిప్పుతూ పాడింది. మొదటి పంక్తికే నాకు తెలిసిపోయింది. స్వరం తప్పలేదు, మాట తప్పలేదు. కానీ ఆ బొంగురు లేదు, పంక్తి చివర ఆ విరుపు లేదు. తేటగా, కాస్త గట్టిగా, ఎదురుగా పిల్లలున్నట్టు పాడే గొంతు. నేను అంతకుముందెన్నడూ వినని గొంతు. పాట ముగిసింది. తర్వాత ఏ పిలుపూ రాలేదు. ఆమె నా మొహం చూస్తోంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"మీ అమ్మది కాదమ్మా" అన్నాను. "ఇది నీ గొంతు."

"నాదా?" అంది. గొంతు మీద చెయ్యి వేసుకుని, కొత్త మనిషిని తడిమినట్టు తడుముకుంది. తర్వాత అడిగింది. "అయితే మా యమ్మ యాడికి పోయినాది?"

నేను వెతుక్కోనక్కరలేదు. ఆమె పాడుతున్నంతసేపూ, దానికి అడుగున ఆ రెండో గొంతు నాకు వినపడుతూనే ఉంది. నేను ఎన్నడూ చూడని మనిషి గొంతు.

"నా దగ్గర ఉంది" అన్నాను.

ఆమె వెనక్కి జరగలేదు. మోకాళ్ళ మీద జరుగుతూ నాకు దగ్గరగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు ఇనపడతాందా?"

"వినపడుతోంది."

"ఏం చేస్తాంది?"

"జొన్నలు విసురుతోంది. రెండో చరణం పాడుతోంది."

ఆమె నా కళ్ళలోకి కాదు, నా నుదుటి వైపు చూస్తూ, ఊపిరి చప్పుడు కూడా కానివ్వకుండా కూర్చుంది. గదిలో ఏ శబ్దమూ లేదు. నేను చరణాలన్నీ ఒక్కటీ వదలకుండా విన్నాను. అయిపోయాక, అయిపోయిందని చెప్పాను. ఆమె తలూపి, కొంగుతో మొహం తుడుచుకుని, బడిగంట కొట్టడానికి లేచింది.